ధర్మవరం గోడ మీద నీలం కొంగు

పెద్ద ఎల్ఈడీ తెర ముందు నిలబడితే అందరూ బొమ్మ చూస్తారు. నేను మూలలు చూస్తాను. రిటైరయ్యాక కూడా ఈ జబ్బు నన్ను వదల్లేదు. మొన్న బంధువుల పెళ్ళిలో వధూవరుల వెనక పెట్టిన తెర కుడి మూల మసగ్గా కనిపించింది. అటే చూస్తూ నిలబడిపోయాను. మా ఆయన మోచేత్తో పొడిచి, "అక్షింతలు పిల్ల మీద ఎయ్యల్ల, గోడ మీద కాదు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మూలకు కరెంటు ఎటునుంచి తెచ్చారో కనుక్కోకుండా భోజనానికి పోలేదు.

హిందూపురంలో డిస్‌ప్లే బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగమంతా గడిచింది. నా పని సర్క్యూట్ లేఅవుట్. అంటే బోర్డు మీద ఏ భాగం ఎక్కడ కూర్చోవాలి, దాన్నీ దీన్నీ కలిపే రాగి దారి ఎటు పోవాలి, ఎంత వెడల్పుండాలి అని గీసే పని. ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వచ్చినప్పుడు స్వీట్లు పంచాను, రానప్పుడు తిట్టుకున్నాను, అంతటితో సరి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొచ్చేది ఒక్కటే నా దగ్గరుంది. ధర్మవరంలో ఒక గోడ కథ. దానికి ముందు రెండు మాటలు చెప్పాలి.

కడపటి మడి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాయన అడిగాడు, "ఏం పనమ్మా అది?" అని. మాది పరిగి దగ్గర పల్లె. నాయన సేద్యం తప్ప వేరే ఎరగడు. నేను ఓమ్ నియమం చెప్పబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాను. "బోరు నీళ్ళు కాలవలోకి వదిలితే ఏమవుతుంది నాయనా?" అన్నాను. "మొదటి మడి నిండుతుంది, కడపటి మడి నోరు తెరుచుకోని చూస్తాంటాది" అన్నాడు. "అంతే, ఆ కడపటి మడిలో కూడా నీళ్ళు నిండేటట్టు కాలవ తవ్వేదే నా పని" అన్నాను. ఆయన చాలాసేపు తలాడించి, "ఐతే కష్టమే" అన్నాడు.

నిజంగానే కష్టం. తెర మీద వేలాది చిన్న దీపాలుంటాయి. కరెంటు ఒక చివర నుంచి వస్తుంది. దారిలో ఒక్కో దీపం తన వంతు లాక్కుంటుంది, రాగి కూడా కొంత తింటుంది. చివరకు చేరేసరికి వోల్టేజి తగ్గుతుంది. తగ్గితే ముందు దెబ్బ తగిలేది నీలానికి. ఎరుపు దీపానికి తక్కువ వోల్టేజి చాలు, నీలానికి ఎక్కువ కావాలి. అందుకే తెర చివర్లో తెలుపు కాస్తా ఎర్రబడుతుంది, నీలం మట్టి కొట్టుకుపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ముందు చెప్పబోయేదంతా దీని చుట్టే తిరుగుతుంది.

రంగనాథ్ సార్

మా యజమాని రంగనాథ్ సార్‌ది కర్ణాటక సరిహద్దులోని అగళి. సగం తెలుగు, సగం కన్నడం. కోపమొస్తే పూర్తిగా కన్నడం. మంచి మనిషి. కానీ ఎవరికైనా సరే కాదని చెప్పడం ఆయనకు రాదు. ఎవరేం అడిగినా "ఆగుత్తె, ఆగుత్తె" అంటాడు, అయిపోతుందని. ఒప్పుకొచ్చేది ఆయన, తల పట్టుకునేది మేము.

ఒకసారి ఒక బస్టాండుకు బోర్డు చేశాం. ఊర్ల పేర్లు వరసగా వెలగాలి. మొదటి అక్షరాలు పెళ్ళివారి ఇల్లులాగా ఉన్నాయి, చివరి అక్షరాలు కిరసనాయిలు దీపాల్లాగా ఉన్నాయి. లేఅవుట్ మార్చాలన్నాను. "టైమ్ లేదమ్మా, చివరి దీపాలకు కొంచెం ఎక్కువ కరెంటు తోసెయ్" అన్నాడు సార్. ప్రోగ్రాములో ఎక్కువ తోశాం. అందరూ భేష్ అన్నారు. ఎండాకాలం దాటకముందే ఆ చివరి దీపాలే మాడిపోయాయి. గుడ్డికన్నా మెల్ల నయం అనుకుని మెల్లకన్నే పొడిచేశామన్నమాట.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రాగిలో ఉన్న తప్పును ప్రోగ్రాములో దాచేవాడు ఇంజనీరు కాదు, మేకప్ వేసేవాడు. చెమట పడితే అది కారిపోతుంది.

తెలుపు వద్దన్నారు

ధర్మవరంలో సత్యనారాయణ శెట్టి అని పట్టుచీరల వ్యాపారి. కొత్త అంగడి కట్టాడు. హాల్లో తూర్పు గోడ మొత్తం తెర కావాలన్నాడు. పెళ్ళివారు పరుపుల మీద కూర్చుంటే, ఒక్కో చీర ఈ కొస నుంచి ఆ కొసకు నిడుపుగా గోడ మీద పరుచుకోవాలి. చూసేవారికి ఎడమ చేతి వైపు కొంగు, కుడి వైపుకు ఒళ్ళంతా. ఆయన ఊహ నాకు భలే నచ్చింది.

కొలతలకు పోయిన రోజున అంగట్లో ఇంకొక పెద్దాయన ఉన్నాడు. పెనుకొండ నుంచి వచ్చిన వాస్తు సిద్ధాంతి. ఆయన మాట మీదే శెట్టి ఇటుక కూడా కదిపేవాడు. కరెంటు అంటే అగ్ని, అది ఆగ్నేయం మూలనే ఉండాలి, ఈశాన్యంలో నిప్పు పెట్టకూడదు అన్నాడాయన. తూర్పు గోడకు ఆగ్నేయమంటే కుడి చివర. ఈశాన్యమంటే ఎడమ చివర, సరిగ్గా చీర కొంగు వచ్చేచోటు. ఇంత పొడుగు గోడకు రెండు వైపుల నుంచీ కరెంటు ఇస్తే మంచిదని నేనన్నాను. శెట్టి చెవులు మూసుకున్నంత పని చేశాడు. రంగనాథ్ సార్ వెంటనే "ఆగుత్తె" అన్నాడు.

సరే అని కరెంటును కుడి వైపు నుంచే, మందమైన రాగితో తీసుకొచ్చాను. మా షెడ్డు చిన్నది, గోడ మొత్తం అక్కడ నిలబెట్టే వీల్లేదు. ముక్కలు ముక్కలుగా పరీక్షించాం, బాగానే వెలిగాయి. మొత్తం కలిపి చూడగలిగింది ధర్మవరంలోనే, అంగడి తెరిచే పొద్దున.

తెర మొత్తం తెల్లగా వెలిగించి చూడడం మా పనిలో మొదటి పరీక్ష. తెలుపంటే అన్ని దీపాలూ ఒకేసారి వెలగడం. అప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది, అప్పుడే లోపం బయటపడుతుంది. ఆ మాట చెప్పగానే శెట్టి ముఖం మాడిపోయింది.

"శుభమా అని అంగడి తెరుస్తాంటే గోడంతా తెల్లగుడ్డ పరుస్తావామ్మా? నీకేమన్నా బుద్ధుండాదా?"

"రెండు నిమిషాలు చాలు శెట్టిగారూ."

"రెండు చిటికెలు గూడా వద్దు. దీపం బొమ్మ పెట్టండి."

నేను సార్ వైపు చూశాను. సార్ పైకప్పు వైపు చూశాడు. నల్లని తెర నడుమ పెద్ద కుంది, అందులో వెలుగుతున్న వత్తి బొమ్మ పెట్టాం. అందరూ చప్పట్లు కొట్టారు. వెలిగింది పిడికెడు దీపాలే; అది ఉపవాసం ఉన్నవాడి జీర్ణశక్తిని పరీక్షించడం లాంటిది. ఎందుకు అరగదు? బాగానే అరుగుతుంది. మేం కేసరి తినేసి హిందూపురం వచ్చేశాం.

కుళ్ళాయప్ప వచ్చిన రోజు

పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యాక ఒకరోజు మా షెడ్డు గేటు దగ్గర గలాటా వినిపించింది. బయటికొస్తే నడివయసు మనిషొకాయన, వెనక భార్య. ఆయన పేరు కుళ్ళాయప్ప, ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఆమె ఓబుళమ్మ. పొద్దుటి ప్యాసింజరుకు వచ్చారట.

"ధర్మవరం శెట్టి అంగట్లో ఆ గోడ బోర్డు చేసినోళ్ళు మీరేనా?"

"అవును, ఏమైంది?"

"ఏమైందా! నా కొంప మునిగింది. నన్ను దొంగను చేసినారు గదమ్మా మీరు!"

రంగనాథ్ సార్ కూడా బయటికొచ్చాడు. కుర్చీలు వేయించి నీళ్ళిచ్చాం. ఆయన తాగలేదు. ఓబుళమ్మ తాగింది. అరిచి అరిచి ఆయన చెప్పిన కథ ఇది.

కుళ్ళాయప్ప శెట్టి దగ్గర రేషమూ, వార్పూ తీసుకుని చీర నేసి ఇస్తాడు. రేషమంటే పట్టునూలు, వార్పంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. అవి ఇచ్చేది వ్యాపారి. నమ్మకం ఉంటేనే ఇస్తాడు. ఎర్రని ఒళ్ళు, నెమలికంఠం నీలం కొంగు, అది కుళ్ళాయప్ప చెయ్యి. కొత్త అంగట్లో ఆ చీర గోడ మీద వెయ్యగానే పెళ్ళివారు, "కొంగు ఎలిసినట్టుండాదే" అన్నారట. ఆయనదే ఇంకో నీలం కొంగు చీర వేస్తే అదీ అంతే. శెట్టికి అనుమానం వచ్చింది. తానిచ్చిన మంచి రేషం అమ్ముకుని, కొంగులో నాసిరకం వేశాడని, చేతిలో కంటికి దొరకని మోసం ఇంత పెద్ద గోడ మీద దొరికిపోయిందని. కొనేవాళ్ళందరూ కూర్చోని ఉండగా కుళ్ళాయప్పను పిలిపించి, వీధి మొత్తం వినేలా అన్నాడట. "నా రేషం అమ్ముకున్యావు, నీకింగ వార్పు లేదు, పో."

"ఒక సావుకారి దొంగ అంటే ఇంగో సావుకారి వార్పు ఇస్తాడా? ఎవురూ ఇయ్యరు" అన్నాడు కుళ్ళాయప్ప.  "మా తాత నేసినాడు, మా నాయన నేసినాడు. ఎవురూ మమ్మల్ని ఆ మాట అన్ల్యా."

ఓబుళమ్మ సంచిలోంచి, శెట్టి తిప్పి పంపిన ఆ చీర తీసి నా బల్ల మీద పరిచింది. కిటికీ పక్కనే బల్ల. ఎండ సరిగ్గా కొంగు మీద పడింది. అంత నిండైన నీలం నేనెక్కడా చూడలేదు.

"చూడండి! ఇది ఎలిసిందేనా?" అన్నాడాయన. "మీరు ఆ ఫోటోలో ఏదో మందు ఏసి నా రంగు తీసేసినారు."

"ఫోటో తీసేది మేం కాదప్పా. శెట్టి అంగడివాళ్ళే తీస్తారు" అన్నాడు సార్.

"ఐతే ఎవురు తీసేసినారు? నేను తీసేసుకుంటినా?"

  నీలం, ఎడమ చివర. రెండూ ఒక్కసారే నా బుర్రలో మోగాయి.

వాళ్ళు పోయాక సార్ కుర్చీలో కూలబడి, "మగ్గం గలాటా అదేదో వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. మనకెందుకమ్మా సరోజా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అవును సార్, ఎద్దు పుండు కాకికి నొప్పా?" అన్నాను.

ఆయన లేచి లోపలికి పోయాడు. సాయంత్రం పోయేముందు నా బల్ల దగ్గర ఆగి, "రేపు ధర్మవరం పోదాం" అన్నాడు. అందుకే ఆయన మంచి మనిషి అన్నాను.

తిప్పి చూస్తే

శెట్టి అంగట్లో నేను చేసింది చాలా చిన్న పని. కుళ్ళాయప్ప చీర బొమ్మను కంప్యూటర్లో కుడి ఎడమలుగా తిప్పించాను. కొంగు కుడి వైపుకు, అంటే ఆగ్నేయం దగ్గరికి వచ్చింది. నెమలికంఠం నీలం నిగనిగలాడింది. ఈసారి అంచు పొడుగునా ఉన్న నీలం గీత ఎడమ చివర మట్టి కొట్టుకుపోయింది.

శెట్టి దగ్గరికొచ్చి చూశాడు, దూరం పోయి చూశాడు. వ్యాపారస్తుడికి రంగు గురించి రెండోసారి చెప్పనక్కర్లేదు.

"అంటే తప్పు చీరది కాదా?" అన్నాడు మెల్లగా.

"కాదు శెట్టిగారూ. గోడది. మాది."

అప్పుడైనా కుళ్ళాయప్పకు కబురు పంపుతాడనుకున్నాను. పంపలేదు. "అందరి ముందర నా అంగడి బోర్డు చెడిపోయిందని చెప్పుకుంటే కొనేవాళ్ళు నవ్వరా? ముందు బాగు చేయండి. అంతవరకు గప్‌చిప్‌గా ఉండండి" అన్నాడు.

"మరి కుళ్ళాయప్ప?"

"చూస్తాంలేమ్మా."

అత్త మీది కోపం దుత్త మీద చూపించడం విన్నాను. దుత్తది తప్పు కాదని తెలిసి కూడా దాన్ని అటకమీదే పెట్టడం అప్పుడే చూశాను. ఆ గోడ సరైపోయేదాకా ధర్మవరంలో కుళ్ళాయప్ప దొంగే. మా షెడ్డులో ఒక్కో రోజు ఆలస్యమైతే అక్కడ ఆయన మగ్గం ఒక్కో రోజు పస్తుంటుంది. లేఅవుట్ మీద అంత బరువు అంతకుముందు నాకెప్పుడూ తెలియదు.

తిరుగు ప్రయాణంలో సార్ ఉపాయాలు మొదలుపెట్టాడు. ఎడమ దీపాలకు ఎక్కువ తోద్దామన్నాడు. బస్టాండు బోర్డు గుర్తుచేశాను. ఐతే మిగతా గోడంతా తగ్గించి ఎడమతో సమానం చేద్దామన్నాడు.

"అట్లైతే అందరి చీరలూ వెలుస్తాయి సార్. ధర్మవరంలో నేతగాళ్ళంతా దొంగలవుతారు."

ఆయన నవ్వాడు. ఆ తర్వాత కన్నడంలో ఏదో తిట్టుకున్నాడు. నన్నో, శెట్టినో, తెలియదు.

పెనుకొండలో

రెండు వైపుల నుంచీ కరెంటు ఇవ్వడమే సులువు. కానీ ఈశాన్యంలో పవర్ సప్లై పెట్టనివ్వరు. కోపంలో వాస్తును నాలుగు తిట్టుకున్నాను. కోపం దిగాక ఆలోచన వచ్చింది. కరెంటుకు వచ్చే దారి ఎంత ముఖ్యమో, తిరిగి పోయే దారీ అంతే ముఖ్యం. మేం రెండు దారులనూ కుడి వైపే పెట్టాం. అందుకే కుడి చివర దీపానికి రెండు దారులూ దగ్గర, ఎడమ చివర దీపానికి రెండూ దూరం. వచ్చేది కుడి నుంచే వచ్చి, పోయేది ఎడమ చివర నుంచి పోతే? అప్పుడు కుడి దీపానికి రాక దగ్గర, పోక దూరం. ఎడమ దీపానికి రాక దూరం, పోక దగ్గర. లెక్క సరిపోతుంది. పవర్ సప్లై మాత్రం ఆగ్నేయంలోనే ఉంటుంది.

ఇది కొత్త విషయమేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కానీ ఎడమ చివర మందమైన తీగె కనపడితే శెట్టి ఊరుకోడు. అందుకే ఆయన్ను కాదని నేరుగా పెనుకొండకు, సిద్ధాంతి ఇంటికి పోయాను. దారంతా ఆయనతో ఎలా వాదించాలో తయారుచేసుకున్నాను. సైన్సు గురించి పెద్ద ఉపన్యాసమే సిద్ధం చేశాను.

సిద్ధాంతి అరుగు మీద చేటలో చింతపండు పిక్కలు తీస్తున్నాడు. కూర్చోమన్నాడు. నేను నేల మీద సుద్దముక్కతో గోడ గీశాను. ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

"ఈశాన్యంలో పుట్టేదేమన్నా ఉండాదా?"

"లేదండీ. ఆగ్నేయంలోనే పుడుతుంది. ఈశాన్యం నుంచి పోతుంది, అంతే."

"పోతే పోనీమ్మా. ఇంట్లో నీళ్ళు యాడికి పోవల్ల? ఈశాన్యానికే గదా. పల్లం ఆ దిక్కుకే ఉండల్ల." పిక్క ఒకటి తీసి పక్కన పడేశాడు. "మల్ల ఆడనుంచి యాడికి పోతాది?"

"తిరిగి ఆగ్నేయానికే."

ఆయన వంగి, నేల మీది సుద్దగీత వెంట వేలు పోనిచ్చాడు. 

"నేల కింద పోనీ. కంటికి కనపడకుండా."

అంతే. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది. కొంచెం నిరాశగా కూడా అనిపించింది. ఎదుటివాడు మొండివాడని ముందే తీర్మానించుకుని పోవడం మన చదువులు నేర్పే చెడ్డ అలవాటు. ఆయన అడిగిన రెండు ప్రశ్నలూ సరైన ప్రశ్నలే. మా ఆఫీసులో డిజైన్ చూసి ఆ రెండూ అడిగినవాళ్ళు లేరు.

ఒకే మడి, ఇద్దరు అన్నదమ్ములు

షెడ్డు బయట ఆవరణలో ముక్కలన్నీ నేలమీద వరసగా పరిచి కొత్త పద్ధతిలో కలిపాం. తెల్లగా వెలిగించాం. రెండు చివర్లూ అక్కచెల్లెళ్ళలాగా ఒకేలా ఉన్నాయి. సార్ చప్పట్లు కొట్టబోయాడు. నేను ఆపాను. నడుమ కొద్దిగా మసక. కంటికి ఇట్టే దొరకదు గానీ వెలుగు కొలిచే మీటరు దాచిపెట్టదు. చివర్లు బాగుపడ్డాయి, నడుమ చెడింది. చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కాగితాలు గీసి చింపి, గీసి చింపి, చివరకు మా పొలం కాలవే గుర్తొచ్చింది. మా నాయన కాలవ మొదట్లో వెడల్పుగా తవ్వేవాడు, పోను పోను సన్నం చేసేవాడు. మొదట్లో నీళ్ళన్నీ అందులోంచే పోవాలి, చివర్లో ఒక మడికి సరిపడా పోతే చాలు. నా రాగి పట్టీలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు. కరెంటు ఎక్కువున్న చోట ఇరుకు, తక్కువున్న చోట విశాలం. నీళ్ళు ఎట్లా పారాలో పల్లెలో పుట్టిన నాకు ఇంకొకరు చెప్పాలా?

వచ్చే పట్టీని కుడివైపు వెడల్పుగా మొదలుపెట్టి ఎడమకు పోయేకొద్దీ సన్నం చేశాను. తిరిగిపోయే పట్టీని దానికి తలకిందులుగా, కుడివైపు సన్నంగా మొదలుపెట్టి ఎడమకు పోయేకొద్దీ వెడల్పు చేశాను. రెండింటినీ పక్కపక్కన పెడితే, ఇద్దరు అన్నదమ్ములు ఒకే మడిని మూలనుంచి మూలకు గట్టు వేసి పంచుకున్నట్టు సరిగ్గా కూర్చున్నాయి. చోటు కూడా ఎక్కువ పట్టలేదు. తెల్లగా వెలిగించాం. మీటరు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. మళ్ళీ నడిచాను. అంతటా ఒకే వెలుగు.

ఆ సంతోషం ఎలాంటిదో ఇప్పటికీ చెప్పలేను. నా పెళ్ళిలో కూడా అంత సంతోషపడలేదని మా ఆయన దెప్పుతాడు. కాదని అనను.

గట్టిగా

కొత్త పట్టీలు బిగించే రోజున శెట్టి అంగట్లో పెళ్ళివారు నిండుగా ఉన్నారు. పొద్దుననే మూసి పని చేసుకుందామంటే, లగ్గాల కాలంలో అంగడి మూయనన్నాడు. బిగించడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. సిద్ధాంతి కూడా చూద్దామని వచ్చాడు. కుళ్ళాయప్పకూ, ఓబుళమ్మకూ నేనే ముందురోజు కబురు పంపాను. వాళ్ళు వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు. శెట్టి చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఇప్పుడు తెలుపు వెలిగించాలి" అన్నాను.

"అమ్మా, మల్ల అదే మాటనా? ఇంతమంది శుభానికని వచ్చినప్పుడు?"

ఈసారి నేను సార్ వైపు చూడలేదు. "వెలిగించనిదే నేను ఈడనుంచి కదలను" అన్నాను. నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చేసింది.

సిద్ధాంతి దగ్గాడు. "ఏమప్పా శెట్టీ, కొత్తింట్లో పాలు పొంగిస్తారు గదా. పాలు ఏం రంగు?"

ఒక పెళ్ళికూతురి తల్లి ఫక్కుమని నవ్వింది. ఆమెతో పాటు అందరూ నవ్వారు. శెట్టి కూడా నవ్వక తప్పలేదు. "సరే, పొంగించండి" అన్నాడు.

గోడంతా తెల్లగా వెలిగింది. ఈశాన్యం నుంచి ఆగ్నేయం దాకా ఎక్కడా మసక లేదు, ఎరుపు జీర లేదు. తర్వాత కుళ్ళాయప్ప చీర వేశాం, కొంగు ఎడమ చివరే. నెమలికంఠం నీలం గోడ మీద అచ్చం ఆ రోజు నా కిటికీ దగ్గర ఎండలో ఉన్నట్టే ఉంది. పెళ్ళివారు పరుపుల మీద ముందుకు జరిగారు. "ఇది ఎవరు నేసినారండీ?" అని ఆ పెళ్ళికూతురి తల్లే అడిగింది.

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "మా కుళ్ళాయప్ప. ఆ పొద్దు బోర్డులో తేడా ఉండె. చీరలో కాదు" అన్నాడు, తన కాళ్ళతో మాట్లాడుతున్నట్టు. తర్వాత గడప వైపు చూసి, "రాప్పా లోపలికి. వార్పు తీసుకపో" అన్నాడు.

కుళ్ళాయప్ప కదల్లేదు.

"నాకు ఇనపల్యా సావుకారీ."

"బోర్డులో తేడా ఉండె అంటాండా."

"ఆ పొద్దు ఇట్ల గొణిగితివా నువ్వు? నా రేషం అమ్ముకున్యావని వీధి వీధంతా ఇనపడేటట్టు అంటివి. దొంగ అని అంత గట్టిగా అంటివి గదా, కాదని గూడా అంత గట్టిగానే అనల్ల. ల్యాకుంటే నాకు నీ వార్పు వద్దు."

 రంగనాథ్ సార్ నా చెయ్యి పట్టుకున్నాడు. కుళ్ళాయప్ప మొండికేసి ఉన్నది కూడా పోగొట్టుకుంటాడేమో అని నాకు భయం వేసింది. శెట్టి ముఖం ఎర్రబడింది. కొనేవాళ్ళ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఆ నీలం మీద చూపు కాసేపు నిలిచింది. తర్వాత పరుపు మీదినుంచి లేచి, గడప దగ్గరికి నడిచి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"కుళ్ళాయప్ప నా రేషం తియ్యల్యా!" అన్నాడు. ఎదురుగా పూలంగడి ఆమె తలెత్తి చూసింది. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. "నేనే తప్పు మాట అంటి! ఆయప్ప దొంగ కాదు!"

అంతవరకు ఒక్క మాట మాట్లాడని ఓబుళమ్మ కొంగుతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. ఆమె ఎవరో, ఎందుకు ఏడుస్తోందో తెలియకుండానే పెళ్ళికూతురి తల్లి ఓబుళమ్మను పట్టుకుని తానూ ఏడ్చింది.

కుళ్ళాయప్ప మాత్రం ఏడవలేదు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, చెప్పులు గడప బయట విడిచి లోపలికొచ్చాడు. శెట్టి ముందర రెండు చేతులూ చాచాడు.

"ఇంగ ఇయ్యి సావుకారీ వార్పు. మగ్గం ఖాళీగా ఉండాది."